ట్రిగ్గర్ తేలికైంది, తూటా పేలడం లేదు: రివాల్వర్ స్ప్రింగుల సమస్యలు

స్ప్రింగులు మార్చిన వారానికే షూటింగ్ రేంజ్‌లో నా స్మిత్ అండ్ వెస్సన్ 686 టక్‌మని ఊరుకుంది. ఆరు తూటాల్లో రెండు పేలలేదు. పొరపాటు నాదే. టెక్సాస్‌లో ఈ సరదా ఉన్న మనవాళ్లు అదే పొరపాటు చేయకూడదని ఇది రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు సిలిండర్ తెరిచి, ఆరు గదులూ వేలుపెట్టి చూసుకోండి. మీరు పనిచేసే చోట తూటాలే ఉండకూడదు.

ట్రిగ్గర్ ఉన్నట్టుండి బరువెక్కింది

హ్యామర్‌ను (తూటాను పేల్చే దెబ్బ కొట్టే సుత్తిని) ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే (డబుల్ యాక్షన్) 10 నుంచి 12 పౌండ్ల బరువు మామూలే. నిన్నటిదాకా బాగుండి ఇవాళ బిగుసుకుంటే మాత్రం స్ప్రింగ్‌ను అనుమానించకండి. ఖాళీ గుండ్లను (కాల్చాక మిగిలే తూటా తొడుగులను) బయటికి నెట్టే నక్షత్రం లాంటి ముక్క కింద చూడండి. కాలని మందు పలుకు ఒక్కటి ఇరుక్కున్నా సిలిండర్ రాసుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. అక్కడ శుభ్రంగా ఉంటే ఆ నక్షత్రాన్ని నెట్టే కడ్డీ, ఎజెక్టర్ రాడ్, వదులైందేమో చూడండి. ఇప్పటి స్మిత్ అండ్ వెస్సన్‌లలో దాని మర ఎడమవైపు తిరుగుతుంది. బిగించేటప్పుడు గదుల్లో ఖాళీ గుండ్లు పెడితే నక్షత్రం దెబ్బతినదు.

టక్‌మంటుంది, పేలదు

ముందుగా భద్రత. గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత దాన్ని తీసి, పేలిన గుండు పక్కన పెట్టి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) మీది గుంటలు పోల్చండి. నా దగ్గర పేలినదాని గుంట లోతుగా, అంచులు స్పష్టంగా ఉంది. పేలనిదాని మీద పెన్సిల్ మొనతో నొక్కినట్టు చిన్న సొట్ట ఉందంతే.

అదే తూటాల్ని హ్యామర్ చేత్తో వెనక్కి లాగి (సింగిల్ యాక్షన్) కాల్చండి. అప్పుడు అన్నీ పేలి, డబుల్ యాక్షన్‌లోనే పేలకుండా మిగిలిపోతుంటే హ్యామర్ దెబ్బలో బలం చాలడం లేదు. డబుల్ యాక్షన్‌లో హ్యామర్ అంత వెనక్కి వెళ్లదు కాబట్టి స్ప్రింగ్ బలహీనత ముందు అక్కడే బయటపడుతుంది. రెండు పద్ధతుల్లోనూ మొదటి దెబ్బకు పేలక రెండో దెబ్బకు పేలితే, ప్రైమర్ గుండులో పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది.

నా విషయంలో కారణం పిడి ముందువైపు, కింద ఉండే స్ట్రెయిన్ స్క్రూ. పట్టీలాంటి మెయిన్ స్ప్రింగ్‌ను వంచి పట్టుకునేది అదే. అరచుట్టు వదులు చేస్తే ట్రిగ్గర్ హాయిగా ఉంటుందని అలా వదిలేశాను. కాల్చినకొద్దీ అదురుకు అది ఇంకా వదులైంది. ఆ స్క్రూ ఎప్పుడూ పూర్తిగా బిగించే ఉండాలి. తేలిక కావాలంటే తక్కువ బలమున్న మెయిన్ స్ప్రింగ్ కొని, దానికీ స్క్రూ పూర్తిగా బిగించండి. అయినా కొన్ని పేలకపోతే ఫ్యాక్టరీ స్ప్రింగ్‌కు తిరిగి రండి. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు మెత్తన, సీసీఐ కంపెనీవి గట్టి. ఒకదానితో పేలింది కదా అని రెండోదానితోనూ పేలుతుందనుకోవద్దు.

ట్రిగ్గర్ వెనక్కి నెమ్మదిగా వస్తోంది

ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు నెట్టే రీబౌండ్ స్ప్రింగ్ మరీ తేలికైంది. ఫ్యాక్టరీది సుమారు 18 పౌండ్లు. 11 దాకా దొరుకుతాయి, కానీ 14 లేదా 15 దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం. వేగంగా కాల్చేటప్పుడు ట్రిగ్గర్ వేలితోపాటు తిరిగి రావాలి.

సైడ్ ప్లేట్‌ను (లోపలి భాగాలను కప్పే పక్క మూతను) స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి. స్క్రూలు తీశాక పిడి ఫ్రేమ్‌ను చెక్కపిడితో తడితే అదే లేస్తుంది. హ్యామర్, ట్రిగ్గర్ కలిసే అంచులను ఆకురాయితో రుద్దడం ఇంటి పని కాదు. అన్నీ బిగించాక, ఖాళీ రివాల్వర్‌లో హ్యామర్ వెనక్కి లాగి నిలిపి, ట్రిగ్గర్ తాకకుండా బొటనవేలితో దాన్ని ముందుకు నెట్టి చూడండి. జారిపడితే అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికి వెళ్లాల్సిందే.

లైసెన్సు రివాల్వర్ ఉన్న ఆంధ్ర, తెలంగాణ పాఠకులు మాత్రం ఇవేవీ సొంతంగా చేయకండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతుకూ మార్పుకూ విడిగా లైసెన్సు కావాలి, అది ఉన్న దుకాణానికే ఇవ్వండి. ఇక ఏ దేశంలోనైనా ఇంటి రక్షణకు ఉంచుకున్న రివాల్వర్‌కు ఫ్యాక్టరీ స్ప్రింగులే ఉండనివ్వండి. నా 686 రేంజ్‌కే పరిమితం కాబట్టి 14 పౌండ్ల రీబౌండ్ స్ప్రింగ్ ఉంచుకుని, మెయిన్ స్ప్రింగ్ మాత్రం పాతదే పెట్టేశాను.