ఫైటర్ చేప పిల్లలు బతకాలంటే మూత తియ్యకండి

‘గుడ్లు పెట్టింది, పిల్లలూ వచ్చాయి, నెల తిరక్కుండానే అన్నీ పోయాయి.’ తిరుపతిలో ఫైటర్ చేపలు పెంచేవాళ్ల నోట ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. జత కలపడమే కష్టమని అందరూ అనుకుంటారు. అది చేపలే చూసుకుంటాయి.

20 లీటర్ల టబ్బు చాలు. నీళ్లు నాలుగైదు అంగుళాలే పొయ్యండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు బకెట్లో నిలవుంచాలి. రాలిన ఎండు బాదం ఆకు ఒకటి (వీధుల్లో కనబడే నాటు బాదందే), చిన్న థర్మకోల్ ముక్క, ఆడచేప దాక్కోడానికి గుప్పెడు నాచు వెయ్యండి. షాపువాళ్లు ఫిల్టర్ అంటగట్టబోతారు. కొనకండి, గుడ్ల కోసం మగచేప నీటి మీద కట్టే బుడగల గూడు చెదిరిపోతుంది. ఆడికృత్తిక (జులై–ఆగస్టుల్లో వచ్చే మురుగన్ పండగ) దాటాక మొదలుపెట్టి కార్తీకంలోపు ముగించాలి. చలికాలంలో చేస్తానంటే హీటరు పెట్టుకోండి, నీళ్లు 26–28 డిగ్రీలుండాలి.

జత కలిపే ఆడ, మగ చేపలు రెండింటికీ వారం రోజులు దోమ లార్వాలు పెట్టండి. ఆడచేపకు పొట్ట ఉబ్బి, దాని కింద తెల్లచుక్క, ఒంటిమీద నిలువు చారలు కనబడితే సిద్ధమైనట్టు. అడ్డ చారలైతే భయపడుతోందని అర్థం. సిద్ధమైన ఆడచేపను గాజు గ్లాసులో ఉంచి టబ్బులో నిలబెట్టండి. మగచేప థర్మకోల్ కింద గూడు కట్టాక వదలండి. రాలిన గుడ్లను తండ్రే నోటితో ఏరి బుడగల్లో పెడుతుంది. అది అవగానే ఆడచేపను తీసెయ్యకపోతే మగచేప దాన్ని కొరికి చంపుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలొస్తాయి. ఇంకో రెండు మూడు రోజులకు అడ్డంగా ఈదుతాయి, అప్పుడు తండ్రినీ తీసెయ్యాలి. మేతకు ముందు నాచు నీళ్లలోని సూక్ష్మజీవులు, తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యల్లాంటి సన్నటి ఉప్పునీటి జీవులు). కోడిగుడ్డు పచ్చసొన వేసేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఇక మూత సంగతి.

ఈ చేప సొంతూరు థాయ్‌లాండ్. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా కూడా ప్రకటించుకుంది. అక్కడ ఇది ఉండేది వరి మళ్లలో, నాచు పట్టిన గుంటల్లో. నీళ్లు వెచ్చగా, లోతు లేకుండా ఉంటాయి, ఆక్సిజన్ తక్కువ. అందుకే మొప్పల పైన మడతలు మడతలుగా లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. చేప పైకొచ్చి గాలి మింగితే ఆ మడతల్లోని రక్తం ఆక్సిజన్ లాక్కుంటుంది. మన కొర్రమీను బురదగుంటలో బతికేదీ ఇలా గాలి పీల్చే.

పుట్టిన పిల్లకు మాత్రం ఇది ఉండదు. సుమారు మూడో నాలుగో వారంలో తయారవుతుంది. అప్పటిదాకా నీళ్లలో ఊపిరి తీసుకున్న పిల్ల, మొదటిసారి పైకొచ్చి సూదిమొనంత నోరు తెరిచి ఒక్క గుటక గాలి మింగుతుంది. ఆ గాలి నీళ్లంత వెచ్చగా, తేమగా ఉండాలి. మనమేమో హాల్లో సీలింగ్ ఫ్యాన్ కింద మూత లేని టబ్బు పెడతాం! నా మొదటి బ్యాచ్ మొత్తం అలాగే పోయింది. రోజుకు పదీ పదిహేను చొప్పున అడుగున తెల్లగా పడుండేవి. నీళ్లు బాగాలేవనుకుని రోజూ మార్చి ఇంకా చెడగొట్టాను.

కాబట్టి మొదటి రోజు నుంచి రెండో నెల నిండేదాకా టబ్బు మీద అద్దం పలక కప్పండి. నీటికీ అద్దానికీ మధ్య రెండు మూడు అంగుళాల గాలి ఉండాలి, ఓ మూల వేలెడు సందు వదలాలి. అద్దం లోపల చెమట పట్టినట్టుంటే సరిగ్గా ఉన్నట్టు. మేత వేసేటప్పుడు కొంచెం జరిపి వెంటనే మూసెయ్యండి. వచ్చినవాళ్లందరికీ ఎత్తి చూపించకండి.

మూత పెట్టినా పోతున్నాయంటే నీటి పైన చూడండి. మేత ఎక్కువైతే జిడ్డు పొర కడుతుంది, పిల్ల దాన్ని చీల్చుకుని గాలి అందుకోలేదు. పాత న్యూస్‌పేపర్ ముక్క నీటి మీద పరిచి మెల్లగా లాగితే ఆ జిడ్డంతా దానికే అంటుకుని వచ్చేస్తుంది. మా ఇంట్లో ఇది రోజూ పొద్దున కాఫీకి ముందు పని.

రెండు మూడు నెలలకు మగపిల్లలు రెక్కలు విప్పి ఒకదాన్నొకటి తరుముతాయి. అప్పుడు వేటి సీసా వాటికి. సీసాలు కూడా ఫ్యాన్ కింద పెట్టకండి.