చిత్తూరు నుంచి లాల్‌బాగ్ గాజు మేడకు

చిత్తూరు నుంచి పలమనేరు, కోలారు మీదుగా వెళ్లే తెల్లవారుజాము బస్సు పట్టుకొని, బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగి, మెట్రోలో లాల్‌బాగ్ చేరడం సులువు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన ఈ తోట 240 ఎకరాలు. అంతా ఒక్కపూటలో చూడాలన్న ఆత్రం వద్దు. ముందు గాజు మేడకే వెళ్లండి. లండన్‌లో ఒకప్పుడు ఉన్న గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్ తరహాలో కట్టిన దీనికి 1889లో పునాదిరాయి వేశారు. సన్నని ఇనుప స్తంభాల చెంత నిలబడి తలెత్తి, ఒక్కొక్క కమాను గాజుపలకలను ఎలా మోస్తున్నదో నిదానంగా గమనించండి. జనవరి, ఆగస్టు పుష్ప ప్రదర్శనలు కనువిందే గాని, ఆ రద్దీలో ఇనుప పనితనం కంటికి ఆనదు కనుక, కట్టడం కోసం వెళ్లేవారికి మామూలు రోజే మేలని నా అభిప్రాయం. తర్వాత బెంగళూరు స్థాపకుడు కెంపేగౌడ పేరిట గోపురమున్న గుట్ట ఎక్కండి. కాళ్ల కిందిది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి బండ. ఎండ ముదరకముందే దిగండి.