లెపర్డ్ గెకోలను జత కలిపేటప్పుడు కొట్లాట రాకుండా ఎలా చూసుకోవాలి?

లెపర్డ్ గెకో తోడు కోరుకునే బల్లి కాదు. "పాపం, ఒక్కటే ఉంది" అని రెండోదాన్ని తెచ్చి అదే ట్యాంకులో వదిలేస్తే ఎక్కువగా గాయాలే మిగులుతాయి. పిల్లలు కావాలనుకుంటే కొద్దిసేపు కలిపి, మళ్లీ విడదీయాలి.

ముందు ఏది మగదో, ఏది ఆడదో తేల్చుకోండి. తోక మొదట్లో, పొట్టవైపు చూడాలి. మగదానికి వెనక కాళ్ల మధ్య వి ఆకారంలో మైనపు చుక్కల వరుస, దాని వెనక రెండు ఉబ్బులు ఉంటాయి. పొరపాటున రెండు మగవాటిని కలిపితే ప్రాణాల మీదికి వస్తుంది. అనుమానం ఉంటే సరీసృపాలను చూసే వెట్‌కి చూపించండి.

ఆడదానికి ఏడాది దాటి ఉండాలి, కనీసం 50 గ్రాముల బరువు, లావైన తోక ఉండాలి. సీజన్లో ఒక్కో విడతకు సాధారణంగా రెండు చొప్పున చాలాసార్లు గుడ్లు పెడుతుంది, ఒంట్లో కాల్షియం కరిగిపోతుంది. కొత్తగా తెచ్చినదైతే రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచి, మలం పరీక్ష చేయించండి.

ఆడది కుబుసం విడుస్తుంటే మాత్రం ఆ రోజుల్లో కలపొద్దు. ఎదుటిది ఆడదని మగది పోల్చుకునేది చర్మం మీది రసాయనాలను నాలుకతో పసిగట్టి. కుబుసం విడిచేటప్పుడు ఆ గుర్తు చెరిగిపోతుంది. అప్పుడు నిన్నటిదాకా చుట్టూ తిరిగిన మగదే దాన్ని ఇంకో మగది అనుకుని దాడి చేస్తుంది. కొన్ని ఆడవి పుట్టుకతోనే కయ్యానికి కాలు దువ్వుతాయి. ఈ జాతిలో పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగిన వేడిని బట్టి ఉంటుంది. 26 డిగ్రీల దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవే. 32.5 దగ్గర ఎక్కువగా మగవి వస్తాయి, ఆ వేడిలో వచ్చిన కొద్ది ఆడవి దూకుడుగా ఉంటాయని టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం గమనించింది. కాబట్టి మీ గెకో మొండిదని తిట్టుకోకండి.

సాయంత్రం ఆడదాన్ని మగదాని ట్యాంకులో పెట్టి, పక్కనే కూర్చోండి. చేతిలో ఒక గట్టి అట్ట ఉంచుకోండి. మగది తోక కొసను గలగలమని కొడుతుంది, అది మంచి గుర్తు. తర్వాత నాకుతూ వచ్చి, తోకను, ఒంటిని మెల్లగా కొరుకుతూ మెడ చర్మాన్ని పట్టుకుంటుంది. మొదటిసారి చూసేవాళ్లకు టెన్షన్ వస్తుంది కానీ, ఆడది కదలకుండా తోక ఎత్తితే అంతా సవ్యంగా ఉన్నట్టే.

ఆడది కాళ్ల మీద ఎత్తుగా లేచి, వీపు వంచి, అరిచినా, ఎదురు కొరికినా, ఎక్కడైనా రక్తం కనిపించినా వెంటనే మధ్యలో అట్ట పెట్టి విడదీయండి. పట్టుకున్న నోటిని గుంజకండి, చర్మం చిరుగుతుంది. చిన్న గాయాన్ని సెలైన్‌తో కడిగి, మానేదాకా అడుగున కిచెన్ పేపర్ పరవండి. లోతైన గాయమైతే వెట్ దగ్గరికే. తోక తెగిపోతే మళ్లీ వస్తుంది, కానీ దానితో నిల్వ కొవ్వు పోతుంది కనుక మేత పెంచాలి.

జత కలిశాక ఆడదాన్ని దాని ట్యాంకులోకి మార్చేయండి. అది వీర్యాన్ని నిల్వ చేసుకుంటుంది, ఒక్క కలయికతోనే చాలా విడతల గుడ్లు పెట్టగలదు. కలవకపోతే వారం ఆగి చూడండి. రెండు మూడుసార్లూ ఆడది ఒప్పుకోకపోతే ఆ ఏడాదికి దాన్ని వదిలేయండి.