ఇతర రాష్ట్రాల విద్యార్థులు మన యూనివర్సిటీకి ఎందుకు రావడం లేదు: లోపం పట్టుకునే పద్ధతి

రాష్ట్ర యూనివర్సిటీలో ఇతర రాష్ట్రాల విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటే అందరికీ మొదట తోచే మందు ప్రచారం. కొత్త బ్రోచర్, ఢిల్లీలో ఎడ్యుకేషన్ ఫెయిర్, అందులో ఒక స్టాల్. కేంద్ర విద్యాశాఖ ఏటా విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు పడిపోయిన ఏడాది ఈ హడావుడి మరీ ఎక్కువ. అందులో ‘అవుట్‌రీచ్’ విభాగానికి ఉన్న 100 మార్కుల్లో ఇతర రాష్ట్రాల విద్యార్థుల వాటాకే 25 ఉన్నాయి మరి. కానీ చాలాచోట్ల జబ్బు ప్రచారంలో లేదు.

ముందు గత మూడేళ్ల అడ్మిషన్ ఫైళ్లు తీసి ఏడాదికి ఐదు అంకెలు రాసుకోండి: ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన దరఖాస్తులు, పరీక్ష రాసినవారు, సీటు అలాట్ అయినవారు, చేరినవారు, రెండో సెమిస్టర్ ఫీజు కట్టినవారు. అంకె ఎక్కడ దబ్బున పడిపోతే లోపం అక్కడే. డిగ్రీ ఎక్కడ చదివారన్న గడి ఒక్కటే చూసి లెక్కేయకండి. బెంగళూరులో డిగ్రీ చేసి తిరిగొచ్చిన అనంతపురం కుర్రాడు కూడా ‘బయటివాడు’ అయిపోతాడు. శాశ్వత చిరునామా గడినీ కలిపి చూడండి.

లక్షణం: దరఖాస్తులున్నాయి, సీట్లు మాత్రం అలాట్ కావడం లేదు

అడ్మిషన్ సెల్‌లో తరచూ వినిపించే మాట ఒకటుంది: “85 శాతం సీట్లు లోకల్, 15 శాతం ఓపెన్ కదా, బయటివాళ్లు అందులో వస్తారు.” రారు. రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటి అమలుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నిబంధనల ప్రకారం ఆ 15 శాతానికి పోటీపడే అర్హత నాలుగు రకాలవారికే ఉంది. ఒకటి, లోకల్ అభ్యర్థులు, అంటే ఆ యూనివర్సిటీ ప్రాంతంలోనే చదివిన లేదా నివసించినవారు. రెండు, బయట చదివిన కాలం తీసేయగా మొత్తం 10 ఏళ్లు రాష్ట్రంలో ఉన్నవారు, లేదా తల్లిదండ్రుల్లో ఎవరైనా అలా ఉన్నవారు. మూడు, ఈ రాష్ట్రంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో, యూనివర్సిటీల్లో పనిచేసేవారి పిల్లలు. నాలుగు, అలాంటి ఉద్యోగుల భార్య లేదా భర్త. పట్నాలో డిగ్రీ చేసి, ఇక్కడ నా అన్నవాళ్లు ఎవరూ లేని అమ్మాయి ఈ నాలుగింటిలో దేనిలోకీ రాదు. ఆమెకు బ్రోచర్ పంపడమంటే లేని సీటుకు పిలవడమే.

హైదరాబాద్‌నే చూడండి. 1918 నాటి ఉస్మానియాకు ఈ ఉత్తర్వులు వర్తిస్తాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం కేంద్ర సంస్థ కాబట్టి దానికి వర్తించవు. తమాషా ఏమిటంటే ఆ ఉత్తర్వులూ, 1974లో ఆ కేంద్ర విశ్వవిద్యాలయమూ రెండూ తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన 1973 నాటి ఆరు సూత్రాల పథకం నుంచి వచ్చినవే. వరంగల్ నిట్‌లోనైతే సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి. కనుక బయటివాళ్లు మన ఊళ్లకు రారన్నది నిజం కాదు, వచ్చేందుకు మనం తలుపు పెట్టలేదు. ఉన్న కాస్త సందూ ఇప్పుడు ఇరుకైంది. రాష్ట్ర విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ ఇచ్చిన ఉమ్మడి అడ్మిషన్ల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరింది. తెలంగాణ 2025లో ఆ 15 శాతాన్ని తన రాష్ట్రంతో సంబంధం ఉన్నవారికే పరిమితం చేసింది. నిన్నటిదాకా ఉస్మానియాకు నాన్‌లోకల్‌గా వచ్చిన గుంటూరు విద్యార్థి కూడా ఇప్పుడు బయటివాడే.

చేయాల్సింది: కౌన్సెలింగ్‌తో నిండే కన్వీనర్ సీట్ల జోలికి పోకుండా సూపర్‌న్యూమరరీ సీట్లు, అంటే మంజూరైన సంఖ్యకు పైన అదనపు సీట్లు, అడగండి. పీజీలో నేషనల్ ఇంటిగ్రేషన్ కోటా పేరుతో ఇలాంటివి ఇచ్చే పద్ధతి తెలంగాణలో కొత్తదేమీ కాదు. శాఖకు రెండు మూడు సీట్లతో మొదలుపెట్టండి. ల్యాబ్‌లో కుర్చీలు, గైడ్‌లు, హాస్టల్ మంచాలు లెక్కగట్టి ప్రతిపాదనకు జతచేయండి, లేకపోతే ఫైల్ తిరిగొస్తుంది. అది ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ దాటి ఉన్నత విద్యామండలికి వెళ్లాలి. ఎంబీఏ, ఇంజినీరింగ్ అయితే సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ అనుమతి లేకుండా ఒక్క సీటు కూడా కలపొద్దు. 371డి ఉండగా ఇవేవీ కుదరవని ఎవరైనా అంటే ఎంబీబీఎస్ సంగతి గుర్తుచేయండి. 15 శాతం అఖిల భారత కోటాకు బయటే ఉండిపోయిన రెండు తెలుగు రాష్ట్రాలూ 2018లో అందులో చేరాయి.

పైసా ఖర్చులేని పని ఇంకోటి ఉంది. విశాఖలో నేవీ, స్టీల్ ప్లాంట్, హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థలు, రైల్వే... వీటి ఉద్యోగుల పిల్లలు పైన చెప్పిన మూడో రకం కింద ఇప్పుడే అర్హులు. ఆ సంగతి వాళ్లకు తెలియదు, మన ప్రాస్పెక్టస్‌లో అది అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని మొదటి పేజీకి తెండి.

లక్షణం: పరీక్ష రాయరు, రాసినా చేరరు

క్యాలెండర్ చూడండి. కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ మార్చిలో జరుగుతుంది. మన ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్షలు జూన్, ఆగస్టు మధ్య. మనం వెబ్ ఆప్షన్లు తెరిచేసరికి ఆ విద్యార్థి వేరేచోట ఫీజు కట్టి క్లాసులో కూర్చుంటాడు. దానికితోడు పరీక్ష కేంద్రాలు దాదాపు అన్నీ రాష్ట్రంలోపలే. గంటన్నర పరీక్ష కోసం రెండు రాత్రులు రైల్లో ఎవరొస్తారు?

అదనపు సీట్లకు సొంత పరీక్ష పెట్టకండి, సీయూఈటీ స్కోరు తీసుకోండి. ఫలితాలొచ్చిన రెండు వారాల్లో మొదటి జాబితా, ఫీజుకు పది రోజులు, తర్వాత రెండో జాబితా, అంతటితో సరి. మిగిలిన అదనపు సీటు ఆ ఏడాదికి రద్దవుతుందనీ, వేరే కోటాకు మారదనీ నోటిఫికేషన్‌లోనే రాయండి. రాయకపోతే స్పాట్ అడ్మిషన్ల రోజున ఆ సీటు కోసం కొట్లాట తప్పదు.

లక్షణం: సీటు తీసుకుని, ఫీజు దగ్గర ఆగిపోతున్నారు

స్థానిక విద్యార్థికి రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, బయటివాడు జేబులోంచి కట్టాలి. రిజర్వేషన్ కూడా సరిహద్దు దాటి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన విద్యార్థికి మహారాష్ట్రలో ఆ కోటా వర్తించదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలిసినవాడు వెనక్కి వెళ్లిపోతాడు. దరఖాస్తులోనే చెప్పండి.

ఎస్సీ విద్యార్థికి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రమే ఇస్తుంది, బయట చదివినా సరే. అది మన దగ్గరే ఆగుతోంది: బోనఫైడ్, కోర్సు ఫీజు వివరాలు, యూనివర్సిటీ ఏఐఎస్‌హెచ్‌ఈ కోడ్ (కేంద్ర ఉన్నత విద్యా సర్వేలో సంస్థకు ఇచ్చే నంబర్), ఆ రాష్ట్ర పోర్టల్‌లో మన సంస్థ పేరు నమోదు. ఒక్క జూనియర్ అసిస్టెంట్‌కి ఈ పని పూర్తిగా అప్పగిస్తే చాలు. నాలుగు సెక్షన్లు తిరగమంటే గడువు దాటిపోతుంది.

సర్టిఫికెట్ల కౌంటర్ దగ్గర జరిగేదీ ఇలాంటిదే. మైగ్రేషన్ సర్టిఫికెట్ వాళ్ల యూనివర్సిటీ ఇచ్చేసరికి నెలలు పడుతుంది. హామీపత్రం తీసుకుని 90 రోజుల గడువుతో ప్రొవిజనల్‌గా చేర్చుకోండి. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలి, వాటిని పట్టి ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది.

లక్షణం: చేరారు, దసరాకి ఊరెళ్లి తిరిగి రాలేదు

హాస్టల్ నోటీస్ బోర్డు ముందు నిలబడి చదవండి. రూమ్ అలాట్‌మెంట్, మెస్ బిల్లు గడువు, నీళ్లొచ్చే వేళలు అన్నీ తెలుగులోనే. గడువు దాటి ఫైన్ పడ్డాక గానీ ఆ కుర్రాడికి విషయం తెలియదు. ప్రతి నోటీసు కింద రెండు ఇంగ్లిష్ వాక్యాలు చేరిస్తే పోయేదేముంది? గది సంగతి మరీ ముఖ్యం. క్లాసులు మొదలైన నెలన్నరకు హాస్టల్ జాబితా పెడితే ఊళ్లో మేనమామో పెద్దమ్మో ఉన్నవాడు ఎలాగో నెట్టుకొస్తాడు, ఒడిశా నుంచి వచ్చినవాడు లాడ్జిలో ఎన్నాళ్లుంటాడు? అడ్మిషన్ లెటర్‌లోనే గది నంబర్ ఉండాలి. మెస్‌లో వారానికి నాలుగు రాత్రులు చపాతీ పెడితే స్థానికులూ కాదనరు. క్లాసులో పాఠం ఇంగ్లిష్‌లో మొదలై పది నిమిషాలకు తెలుగులోకి జారిపోవడం మాత్రం సర్క్యులర్‌తో ఆగేది కాదు, శాఖాధిపతి వెనక బెంచీలో కూర్చోవాల్సిందే.

లక్షణం: అసలు దరఖాస్తులే లేవు

తన ఊళ్లో దొరికే ఎంఏ ఎకనామిక్స్ కోసం ఎవరూ వెయ్యి కిలోమీటర్లు రారు. ఇంకోచోట సులువుగా దొరకనిదేదో ముందు పెట్టండి. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల శాఖ అలాంటిది. బంగాళాఖాతం ఎదురుగానే ఉంది, వేరే పరిచయం అక్కర్లేదు. అన్ని శాఖలకూ కలిపి ఒక బ్రోచర్ వేసే డబ్బుతో ఇలాంటి రెండు శాఖలకు మంచి వెబ్ పేజీలు వస్తాయి: సిలబస్, గైడ్‌లు, మొత్తం ఖర్చు, పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారు.

వ్యవసాయ యూనివర్సిటీలకు ఈ బాధ తక్కువ. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కోటాలో దేశమంతటికీ ఒకే పరీక్ష, సొంత రాష్ట్రం దాటి చేరినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్. సీటు, పరీక్ష, డబ్బు మూడూ ఒకే దారిలో దొరుకుతాయి.

ఈ దారికి దగ్గరగా ఉన్నది పీహెచ్‌డీ. 2024 నుంచి యూజీసీ జాతీయ అర్హత పరీక్ష నెట్ స్కోరుతో పీహెచ్‌డీలోకి తీసుకోవచ్చు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాడు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ తనే తెచ్చుకుంటాడు. అయితే ఆ అవార్డు లెటర్‌కు గడువుంటుంది. పీహెచ్‌డీ నోటిఫికేషన్ రెండేళ్లకోసారి వేసే యూనివర్సిటీ కోసం అతను ఆగడు. ఏటా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి, గైడ్‌ల వారీగా ఖాళీల పట్టికతో నోటిఫికేషన్ వేయండి.