అవధి (లిమిట్) లెక్క మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• కలం కదిపే ముందు, ఎక్స్ చేరువయ్యే విలువను ఎక్స్ స్థానంలో నేరుగా ప్రతిక్షేపించి చూడండి. బహుపదుల భిన్నంలో హారం సున్నా కాకపోతే వచ్చిన సంఖ్యే జవాబు. 5/0 లాంటిది వస్తే కారణాంకాల కోసం వెతకకండి, అక్కడ పరిమిత అవధి ఉండదు. 0/0 వచ్చినప్పుడే బీజగణితంతో పని.

• 0/0ని సున్నా అనో, ఒకటి అనో రాసేయకండి. (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3)లో ఎక్స్ 3కు చేరువైతే వచ్చేది 0/0, అవధి మాత్రం 6. లవం (ఎక్స్ − 3)(ఎక్స్ + 3) కాబట్టి, పైనా కిందా (ఎక్స్ − 3)ను కొట్టివేయడానికి భయం అక్కర్లేదు. ఎక్స్ 3కు ఎంత దగ్గరైనా 3 కాదు, కాబట్టి మనం సున్నాతో భాగించడం లేదు. ఇంటర్ పిల్లలకు ఈ ఒక్క మాట ఒంటబడితే అధ్యాయంలో సగం భయం పోతుంది.

• వర్గమూలం ఉంటే సంయుగ్మం (మధ్య గుర్తు మార్చి రాసిన జత) గుర్తుంచుకోండి. (√(ఎక్స్ + 4) − 2)/ఎక్స్‌లో ఎక్స్ 0కు చేరువైనప్పుడు, లవహారాలు రెండింటినీ (√(ఎక్స్ + 4) + 2)తో గుణించండి. లవంలో ఎక్స్ మాత్రమే మిగులుతుంది. హారాన్ని మాత్రం విప్పి గుణించకండి! అలాగే ఉంచితే ఎక్స్‌కు ఎక్స్ కొట్టివేతకు పోయి 1/4 వస్తుంది. విప్పితే ఆ దారి కళ్లకు కనిపించదు.

• పరమ మూల్యం (మాడ్యులస్) కనిపిస్తే ఎడమ, కుడి అవధులు విడివిడిగా చూడాలి. |ఎక్స్ − 2|/(ఎక్స్ − 2)కు 2 దగ్గర ఎడమవైపు −1, కుడివైపు 1. అవధి లేదు.

• ప్రతిక్షేపించే వరకు ప్రతి పంక్తిలోనూ అవధి గుర్తు (lim) రాయండి.