తుపానులకు ముందే ఇంటి కరెంటు లెక్క చూసుకోండి

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో పుట్టే తుపానులు విశాఖకు కొత్త కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరం చీకట్లో గడిపిన రోజులు ఇక్కడివారికి ఇంకా గుర్తే. వీధిలో తెగిన తీగలను విద్యుత్ సిబ్బంది సరిచేస్తారు గాని, ఇంటి లోపలి వైరింగును వానలు ముదరకముందే మనమే చూసుకోవాలి. అందుకు కావలసిన లెక్క బడిలో నేర్చుకున్నదే: వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం ఓమ్‌లలో వస్తుంది, గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది.

230 వోల్టుల దగ్గర 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది; అంటే దాని కాయిల్ నిరోధం 26 ఓమ్‌ల పైచిలుకు. దానిని 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకూడదని ఈ భాగహారమే చెబుతుంది. అసలు ప్రమాదం అతుకుల దగ్గర ఉంటుంది. బీచ్ రోడ్డు, జాలారిపేట వైపు ఇళ్లలో ఉప్పుగాలికి సాకెట్ లోపలి ఇత్తడి పలకలకు చిలుము పడుతుంది, స్క్రూలు వదులవుతాయి. అలాంటి చోట అర ఓమ్ నిరోధం అదనంగా చేరిందనుకుందాం. కరెంటు 8.5 ఆంపియర్లకు తగ్గుతుంది గాని, దాని వర్గాన్ని అర ఓమ్‌తో గుణిస్తే 36 వాట్ల వేడి ఆ చిన్న పలక మీదే పుడుతుంది. టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్‌కు 25 వాట్లు చాలు. కరెంటు పెరగలేదు కాబట్టి ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతటదే ఆగే మీటరు బోర్డులోని స్విచ్) పడిపోదు. ప్లగ్గు వేడెక్కినా, సాకెట్ అంచు గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా వాడకం ఆపి, ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ మార్పించండి.

ఇన్వర్టర్ ఉన్నవారు బ్యాటరీ టెర్మినళ్లను మరింత శ్రద్ధగా చూడాలి. 400 వాట్ల లోడుకు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 33 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది, అక్కడ 0.05 ఓమ్ చేరినా 50 వాట్లకు మించి వేడి పుడుతుంది.

ఇక తడి విషయం. పొడి చర్మం కొన్ని వేల ఓమ్‌ల నిరోధంతో కాపాడుతుంది గాని, తడిసిన శరీరం నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అంత కూడా అక్కరలేదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది లెక్కలోకే రాదు, ఎందుకంటే అది వైరును కాపాడేందుకు ఉన్నది. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారితప్పి లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్. లేకపోతే ఈ నెలలోనే పెట్టించండి. ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి పడిపోతోందో లేదో చూడండి, ఎర్తింగ్ కూడా పరీక్ష చేయించండి. సంపు మోటారు, గీజరు, వాషింగ్ మెషీన్ తప్పనిసరిగా దాని రక్షణలోనే ఉండాలి.

మల్టీమీటరుతో నిరోధం కొలిచేటప్పుడు మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి కొలవాలి. కరెంటు ఉండగా ఓమ్‌ల స్థానంలో పెడితే మీటరుకూ, చేతికీ ప్రమాదం. జనరేటర్ వాడేవారు చేంజోవర్ స్విచ్ (బయటి లైనును, జనరేటర్‌ను ఒకేసారి కలవనివ్వని స్విచ్) లేకుండా దానిని గోడ సాకెట్‌కు కలపకూడదు, ఆ కరెంటు బయటి లైనెక్కి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. నేలమీద తెగిన తీగ కనిపిస్తే దగ్గరకు వెళ్లకుండా 1912కు ఫోన్ చేయండి.