డౌన్‌టౌన్‌లో పాత హోటల్ బిల్డింగ్ చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ వెతకాలి

అమెరికాలో చాలా ఊళ్ల డౌన్‌టౌన్‌లో ఒక పాత ఇటుకల హోటల్ ఉంటది, ఇప్పుడది అపార్ట్‌మెంట్లో ఆఫీసులో అయిపోయుంటది. దాని చరిత్ర కావాలంటే ముందు పేరు పట్టుకుని వెతకడం మానేయండి, ఎందుకంటే ఓనర్లు మారేకొద్దీ పేరు మారిపోతది, అడ్రస్ పట్టుకోండి. అడ్రస్‌నీ పూర్తిగా నమ్మొద్దు, షికాగోలో 1909లో ఇంటి నంబర్లు మార్చేశారు, అక్కడి డౌన్‌టౌన్‌కి 1911లో మారాయి, అందుకని ఏ రెండు వీధుల మూలన ఉందో కూడా రాసిపెట్టుకోండి.

బిల్డింగ్ నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్‌లో, అంటే అమెరికా ప్రభుత్వం పెట్టిన చారిత్రక కట్టడాల జాబితాలో ఉంటే, అందులో చేర్చమని పెట్టిన నామినేషన్ ఫారం చదవండి, సగం పని అక్కడే అయిపోతది.

లేకపోతే సాన్‌బార్న్ మ్యాపులు, నా లెక్కలో వీటిని మించింది లేదు. ఫైర్ ఇన్సూరెన్స్ కోసం 1867 నుంచి గీసినవి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో చాలా ఊళ్లవి ఫ్రీగా దొరుకుతాయి. గులాబీ రంగంటే ఇటుక, పసుపంటే చెక్క, నీలమంటే రాయి, ఎన్ని అంతస్తులో అంకె కూడా వేసుంటది. వేర్వేరు సంవత్సరాల మ్యాపులు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాంట్లో ఖాళీ స్థలం, తర్వాతి దాంట్లో హోటల్ ఉంటే ఆ మధ్యలోనే కట్టారన్నమాట, ఇక ఆ కొన్నేళ్ల పేపర్లు తిరగేస్తే చాలు. పాత పేపర్లు కూడా చాలా వరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లోనే ఉన్నాయి. కాకపోతే కడతామని పేపర్లో వేయించినవన్నీ కట్టలేదు, కట్టడానికి ఊరివాళ్లిచ్చిన పర్మిట్‌తోనో మ్యాపుతోనో సరిచూసుకోవాల్సిందే.

గోడల సంగతి సరే, లోపల ఎవరుండేవాళ్లు? దానికి సెన్సస్. 1950 దాకా షీట్లు అందరికీ తెరిచారు, 72 ఏళ్లు మూసి ఉంచాలన్న రూల్ వల్ల ఆ తర్వాతవి ఇంకా రాలేదు, 1890వి దాదాపు మొత్తం పోయాయి కాబట్టి ఆ కాలానికి సిటీ డైరెక్టరీలు, అంటే ఊళ్లో ఎవరు ఎక్కడుంటారో ఏం పని చేస్తారో వేసిన పుస్తకాలు చూడాలి. షీటు ఎడమ అంచున వీధి పేరు నిలువుగా రాసుంటది, అది చూసుకుంటూ వెళ్తే నెలల తరబడి అక్కడే ఉన్నవాళ్లు, వంటవాళ్లు, గదులూడ్చే ఆడవాళ్లు పేరు, వయసు, పుట్టిన చోటుతో సహా కనిపిస్తారు. దయచేసి వీళ్లని వదిలెయ్యొద్దు, ఓనరు పేరైతే ఎలాగూ ఎక్కడో ఒకచోట దొరుకుతది.

ఇంకోటి, నల్లజాతి ప్రయాణికులకి గది ఇచ్చేవాళ్లా లేదా అన్నది కూడా ఆ బిల్డింగ్ చరిత్రే. 1936లో మొదలై 1960ల దాకా వచ్చిన గ్రీన్ బుక్ అనే ప్రయాణికుల గైడులో వాళ్లని రానిచ్చే హోటళ్లు ఊరి పేరుతో ఉంటాయి, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. మీ హోటల్ అందులో లేనంతమాత్రాన రానివ్వలేదని తేల్చెయ్యకండి, ఆ ఊరి పేపర్లలో కూడా చూడండి, అలాగే గ్రీన్ బుక్‌లో మీ ఊరి కింద వేరే హోటల్ పేరుంటే దాని అడ్రస్ కూడా రాసుకోండి, అదీ వెతకాల్సిన బిల్డింగే.